ఎదురు చుట్టు

గున్నేశ్వరరావు బొటనవేలు తెగే సమయానికి ఏడో షెడ్డులో టెంకల నుంచి మొలిపించిన ఎనిమిది వందల మామిడి మొక్కలు అంటు కట్టించుకోడానికి వరసగా నిలబడి ఉన్నాయి.

కత్తి జారే మనిషి కాడు ఆయన. నలభై ఏళ్లుగా మామిడి అంట్లు కడుతున్నాడు. కడియపులంక నర్సరీల్లో ఆయన హస్తవాసి గురించి చెప్పుకోని వాళ్లుండరు. ఎండు కట్టెకి కట్టినా ఆయన కట్టిన అంటు చిగురేస్తుందని పరాచికానికి అనేవాళ్లు కూడా, తమ మొక్కల దగ్గరికొచ్చేసరికి ఆయన కోసమే కబురు పెట్టేవాళ్లు. అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం మొదటి అంటు పుల్లని చెక్కుతూ చెక్కుతూ, ఎవరో పిలిచినట్టు తల తిప్పాడు. అంతే.

ఎదురుగా పీట మీద కూర్చున్న నాగేశ్వరి ముందు రక్తం చూడలేదు. కత్తి ఆగడం చూసింది. ఆరేళ్లుగా ఆ కత్తి నడక చూస్తోంది గనక, అది ఆగకూడని చోట ఆగిందని ఆమెకి తెలిసిపోయింది. ఒళ్లోని పుల్లలు పక్కన పడేసి, చేతికందిన అంటు టేపు తీసి, ఆయన వేలికి కింది నుంచి పైకి బిగించి చుట్టేసింది. రక్తం కట్టింది. ఆయన మొహం మాత్రం పాలిపోయింది.

కడియం వెళ్లి కుట్లు వేయించుకుని గంటన్నరలో తిరిగొచ్చాడు. బొటనవేలు తెల్లటి కట్టులో గుమ్మడి పిందెలా ఉంది.

"ఏం చుట్టావే అమ్మాయ్? కాంపౌండరు విప్పుతుంటే వదులవ్వాల్సింది పోయి ఇంకా బిగుసుకుపోయింది. ప్రాణాలు పోయాయనుకో."

నాగేశ్వరి నాలిక్కరుచుకుని ఎడం చెయ్యి కొంగులోకి లాక్కుంది. కంగారులో ఏ చెయ్యి ముందుకొచ్చిందో ఆమె చూసుకోలేదు.

నర్సరీ యజమాని పల్లంరాజు గారు కుటుంబంతో వ్రతానికి అన్నవరం వెళ్లారు. ఫోను చేస్తే, చిన్న గాటేనండి, పని ఆగదండి అని గున్నేశ్వరరావు చెప్పేశాడు. చెప్పాక ఫోను జేబులో పెట్టుకుని చాలాసేపు ఆ మొక్కల వైపు చూస్తూ నిలబడ్డాడు. తడి గోనెలో కట్టి ఆ పొద్దున్నే దింపిన కొత్తపల్లి కొబ్బరి మామిడి పుల్లలు రెండ్రోజులకి మించి ప్రాణంతో ఉండవు. మన్యంలో చిన్న రైతులకి మొక్కలు పంచే సంస్థ ఒకటి ఆ అంట్లు అడిగింది. ఏడో షెడ్డు మొత్తం గున్నేశ్వరరావు చేతి మీదుగానే కట్టిస్తామని రాజుగారు వాళ్లకి మాటిచ్చారు. మిగతా షెడ్లలో కట్టేవాళ్లు ఎవరి పనిలో వాళ్లున్నారు, ఉన్నా ఈ పని వాళ్ల చేతికివ్వడానికి ఈయనకి మనసొప్పదు.

నాగేశ్వరిది అందింపు పని. టెంక మొక్క లావుకి సరిపోయే పుల్ల ఏరాలి, దాని తొడిమలు తుంచాలి, చెయ్యి చాచే లోపల ఆ చేతిలో పెట్టాలి. కట్టిన అంటుకి సన్నటి ఐస్ కవరు తొడిగి నీడలోకి మొయ్యాలి. కొయ్యడం, చుట్టడం కట్టేవాళ్ల పని. వాళ్లకి అంటుకింత అని ఇస్తారు. అందింపుకి రోజుకింత అని ఆడకూలి. నర్సరీ పుట్టినప్పటి నుంచీ అంతే.

గున్నేశ్వరరావు షెడ్డు తడిక జారేసి వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఆరేళ్లు నా ఎదురుగా కూర్చున్నావు. ఏం చూశావు?"

"అంతా చూశానండి, బాబాయ్."

"అయితే కొయ్యి."

నాగేశ్వరికి నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. వీటిలో సగం చచ్చిపోయినా ఆయన పేరు పోతుంది, తన పని పోతుంది. మొగుడు అచ్చిబాబు మొక్కల లోడుతో నాగపూర్ దారిలో ఉన్నాడు, సలహా అడుగుదామన్నా ఫోను కలవదు. అన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటుంది. ఆమెది పుర్రచేతి వాటం. చేరిన కొత్తలో సరదాకి ఒక పుల్ల తీసి చెక్కబోతే ఇదే గున్నేశ్వరరావు ఆ పుల్ల లాక్కుని, పుర్రచెయ్యి తగిలితే అంటు అతుక్కోదు, అవతల పెట్టు అని అరిచాడు. నర్సరీ అంతా నమ్మే మాటే అది. ఆమె కూడా నమ్మింది.

అందుకని కత్తి కుడిచేత్తో పట్టుకుంది. మొదటి పుల్ల వంకరగా తెగింది. రెండోది నడిమికి చీలింది. ఐదు పుల్లలు పాడయ్యాక గున్నేశ్వరరావు లేచి, టీ తాగొస్తానంటూ వెళ్లిపోయాడు. ఆయన అడుగుల చప్పుడు కాలవగట్టు దాకా వెళ్లింది.

నాగేశ్వరి కత్తి చెయ్యి మార్చింది.

ఈసారి చెయ్యి నిలిచింది గానీ కత్తి నిలవలేదు, పుల్లలోకి దిగబడిపోతోంది. వెలుగులో పెట్టి చూసింది. ఆ కత్తికి ఒక పక్కనే పదును. కుడిచేతి వాళ్ల కోసం సానపట్టిన పక్క అది. ఆమె కత్తి కింద పెట్టి, టేపు ముక్కలు కోసుకునే బ్లేడుని సగానికి విరిచింది. బ్లేడుకి ఆ పక్కా ఈ పక్కా లేదు. ఒక్క లాగుడులో పుల్ల ఏటవాలుగా తెగింది. తిప్పి ఇంకో లాగుడు. రెండు వైపులా గోరంత నున్నగా వచ్చింది.

టెంక మొక్క తల తీసి, నడుమ చీల్చి, పుల్ల దింపి, తొక్కకి తొక్క కలిసేలా ఒక పక్కకి జరిపింది. ఆ జరపడంలోనే ఉంది అంతా. అది చెప్పి నేర్పేది కాదు. ఆరేళ్లు ఎదురెదురుగా కూర్చోవడంతో ఆయన కుడిచెయ్యి ఎప్పుడూ ఆమె ఎడంచేతికి ఎదురుగానే ఉండేది. ఆయన చెయ్యి ఎటు కదిలితే ఒళ్లో ఉన్న ఆమె చెయ్యి అటే కదలబోయి ఆగేది. అద్దంలో చూసి నేర్చుకున్నట్టు, ఆమెకి తెలియకుండానే అంతా చేతిలోకి వచ్చి కూర్చుంది.

నాలుగో అంటు చుడుతుండగా తలెత్తి చూస్తే గున్నేశ్వరరావు తడిక దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆమె చెయ్యి కొంగులోకి తీసుకోబోయింది.

"ఆపకు," అన్నాడు.

వచ్చి, ఇంకా చుట్టని అంటు ఒకటి తీసి కంటి ముందు వెలుతురుకి పట్టాడు. అతుకులో సందుంటే వెలుతురు గీతలా కనపడాలి. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. గీత లేదు.

"ఇన్నాళ్లూ దీన్ని ఎక్కడ దాచావే?"

"మీరేగా బాబాయ్ అన్నారు, పుర్రచెయ్యి తగిలితే అతుక్కోదని."

"అన్నాను," అన్నాడు. ఆ తర్వాత ఇంకేదో అంటాడేమోనని ఆమె చూసింది. ఆయన వెళ్లి ఆమె పీట మీద, అందింపు పీట మీద కూర్చున్నాడు. "ఎవరితోనూ అనకు. నా కోసమూ కాదు, నీ కోసమూ కాదు. తెలిస్తే పని ఆపేస్తారు, ఆ పుల్లలు ఎండిపోతాయి."

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దు గుంకే దాకా అలాగే సాగింది. ఒంటి చేత్తో గున్నేశ్వరరావు పుల్లలు అందించాడు. ఆయనకి ఏరడం రాలేదు. లావు మొక్కకి సన్న పుల్ల ఇచ్చేవాడు, తొడిమలు తుంచకుండా ఇచ్చేవాడు. రెండో రోజు మధ్యాహ్నం, పని ఒడుపులో పడ్డాక, నాగేశ్వరి తలెత్తకుండానే, "తొడిమ తుంచి ఇవ్వాలండి, ఎన్నిసార్లు చెప్పాలి," అనేసింది. ఆయన తొడిమ తుంచి ఇచ్చాడు.

పక్క షెడ్డులో సంచుల్లో మట్టి నింపే ఉషారాణి టేపు కోసం తడిక తోసుకుని వచ్చి, ఇద్దర్నీ చూసి నోటికి కొంగడ్డం పెట్టుకుంది. ఏంటి బాబాయ్, నీకు ఆడకూలి రాయమన్నారా అని అడిగింది. చెప్పావంటే నాలిక్కి అంటు కడతానని ఆయన బెదిరించాడు. ఉషారాణి ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి ఆమె పడిన అవస్థ మాత్రం నాగేశ్వరి కళ్లారా చూసింది.

చివరి అంటుకి కవరు తొడిగాక రేకు రాయాల్సి వచ్చింది. ప్రతి మడి తలకట్టునా కర్రకి కొట్టిన చిన్న రేకు ఉంటుంది. దాని మీద మామిడి రకం, తేదీ, కట్టినవాళ్ల పేరు తెల్ల పెయింటుతో రాస్తారు. ఎవరి చెయ్యి ఎంత బతికించిందో అక్కడే తేలుతుంది. గున్నేశ్వరరావుకి చదువు రాదు. ఎప్పుడూ రాసే గుమస్తా రాజుగారితో అన్నవరం వెళ్లాడు.

"ఏడో తరగతి దాకా చదివావుగా, రాయి. పేరు నాదే," అన్నాడు. 'నాదే' అనేటప్పుడు మొహం అటు తిప్పుకున్నాడు.

నాగేశ్వరి కుడిచేత్తో రాసింది. బడిలో పంతులు గారు వేళ్ల మీద స్కేలుతో కొట్టి అలవాటు చేసిన చెయ్యి అది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నట్టు వచ్చాయి. 'గున్నేశ్వరరావు' అని ఆమె రాసిన ఆ రేకు వెనక ఉన్న ప్రతి మొక్క అతుకూ ఆమెకి చేతి వేళ్లలా తెలుసు.

*

ఇంటికెళ్లేసరికి అత్తగారు నాగరత్నం గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఐదేళ్ల తేజస్వి పలక ఒళ్లో పెట్టుకుని రాస్తోంది. పిల్ల ఎడం మణికట్టుకి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. ఆ చెయ్యి లేచినప్పుడల్లా గుర్తు రావాలని నాయనమ్మ కట్టింది.

నాగరత్నం చెడ్డ మనిషి కాదు. పిల్లంటే ప్రాణం. రేపు నలుగురిలో పుర్రచేత్తో విస్తట్లో చెయ్యి పెడితే నవ్వుతారే, నీ మీద నవ్వింది చాలదా అని కోడలికి నెమ్మదిగానే చెప్పేది. పిల్ల బలపం ఎడంచేతిలోకి మార్చుకున్నప్పుడల్లా కుడిచేతిలోకి మార్చేది నాగేశ్వరే. రోజూ మార్చేది. ఆ రోజూ మార్చింది. మార్చిన వెంటనే తన వేళ్ల వైపు చూసుకుంది. బ్లేడు పట్టిన చోట చర్మం కమిలి ఉంది. మళ్లీ ఏమనుకుందో, బలపం పిల్ల కుడిచేతిలోనే వదిలేసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత రోజులు ఆమెవి కావు, ఆ మొక్కలవి. అందరికంటే ముందు వెళ్లి షెడ్డులోకి తొంగిచూసేది. కవర్ల లోపల చెమ్మ పట్టి ఏమీ కనపడేది కాదు. ఒక పుల్ల చివర నల్లబడితే ఆ రోజు అన్నం దిగేది కాదు. నిజంగానే పుర్రచెయ్యి తగిలి అంటు అతుక్కోకపోతే? ఆ పాపం పిల్ల మణికట్టు దాకా వస్తుందనిపించేది. పంతొమ్మిదో రోజు పొద్దున్న వెళ్లేసరికి గున్నేశ్వరరావు అప్పటికే మడిలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక కవరు లోపల బియ్యపు గింజంత ఎర్రటి మొన. పక్క కవరులో ఇంకోటి. ఆ పక్కనా. ఆయన లేస్తూ ఆమె తల మీద చెయ్యి వేయబోయి, కట్టు విప్పిన ఆ వేలిని ఒకసారి చూసుకుని, వెనక్కి తీసుకున్నాడు.

*

సంస్థ తరఫున మధులత గారు తర్వాతి నెల రెండో శనివారం వచ్చారు. బడి సెలవు గనక, అత్తగారు రామచంద్రపురంలో ఆడపడుచు ఇంటికి వెళ్లింది గనక, నాగేశ్వరి తేజస్విని వెంట తెచ్చుకుంది. పిల్ల మడి గట్టున కూర్చుని పుల్లతో తడి మట్టి మీద గీతలు గీస్తోంది.

కవర్లు తీసేసిన ఏడో షెడ్డు చూడ్డానికి రెండు కళ్లూ చాలలేదు. షెడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా రాగి రంగు లేత చిగుళ్లు, గాలి తగిలితే అన్నీ ఒకేసారి తలలూపుతున్నాయి. నాలుగో షెడ్డులో, ఐదో షెడ్డులో మూడోవంతు ఎండిపోయాయి. ఇక్కడ ఎండినవి వెతికితే గాని కనపడటం లేదు. మధులత గారు మోకాళ్ల మీద వంగి ఒక్కో వరసా చూసుకుంటూ వెళ్లారు. క్రితం ఏడు వేరే చోట తీసుకున్న మొక్కలు రైతు పొలంలో నాటాక అతుకు దగ్గర విరిగిపోయాయనీ, గుంటలు తవ్వుకుని నీళ్లు మోసి పోసుకున్న వాళ్లకి మొహం చూపించలేకపోయాననీ చెప్పారు. ఒక మొక్క విప్పి అతుకు చూపిస్తారా అని అడిగారు.

పల్లంరాజు గారు హుషారుగా ముందుకొచ్చారు. ఆయన కూడా చిన్నప్పుడు పీట మీద కూర్చుని అంట్లు కట్టినవాడే. ఒక మొక్క చేతిలోకి తీసుకుని, టేపు కొస కోసం వేలు పోనిచ్చారు. ఎప్పుడూ ఉండే చోట కొస లేదు. అవతలి పక్కన దొరికింది. పట్టుకుని చెయ్యి తిప్పారు. టేపు వదులవ్వలేదు, ఇంకా బిగిసింది. చిగురు వణికింది.

"ఇదేంటి, ఎదురు తిరుగుతోంది?"

ఇంకో మొక్క తీశారు. అదీ అంతే. పక్క వరసలోంచి తీశారు. అదీ అంతే. నాలుగో షెడ్డులోంచి ఒకటి తెప్పించి తిప్పితే హాయిగా ఊడి వచ్చింది. షెడ్డులో ఉన్న పది మందీ పని ఆపేశారు. ఉషారాణి మట్టి తట్ట మీదే చూపు పెట్టుకుంది.

రాజుగారు ఈసారి రెండో వైపు తిప్పారు. టేపు చక్కగా జారింది. లోపల అతుకు గట్టిపడి, పుల్లకీ మొక్కకీ తేడా చేతికి తగలనంతగా కలిసిపోయింది. మధులత గారు వేలితో రాసి చూసి, "వచ్చే ఏడు మాకు పదివేలు కావాలండి. కాకపోతే ఒక్కటే. ఈ చెయ్యే కట్టాలి," అన్నారు.

"మా గున్నేశ్వరరావేనండి," అన్నారు రాజుగారు. అని, టేపు వైపు మళ్లీ చూసి, ఆయన వైపు తిరిగారు. "వేలు తెగిందిగా అప్పుడు. కట్టు అడ్డమొచ్చి అటు చుట్టావేంటి?"

అబద్ధం కాచి వడబోసి గ్లాసులో పోసి చేతికిచ్చినట్టే ఇచ్చారు ఆయన. తాగితే సరిపోయేది. ఆయ్, అవునండి అంటే చాలు. నాగేశ్వరి మాటిచ్చింది గనక నోరు తెరవదు. చెయ్యి కొంగులో ఉంది. గున్నేశ్వరరావు అవునంటే ఈ రాగి చిగుళ్లన్నీ ఎప్పటికీ ఆయనవే, తను రేపటి నుంచి మళ్లీ తొడిమలు తుంచాలి.

గున్నేశ్వరరావు నోరు తెరిచాడు. వేలి మీద మచ్చ గోకాడు. రేకు దగ్గరికి నడిచి, అక్షరం ముక్క రాని ఆ మనిషి దాని మీద వంగి, కింద నుంచి పైదాకా తీరిగ్గా చదివినట్టు చూశాడు.

"అమ్మాయ్ నాగేశ్వరీ, ఏడో తరగతి ఏం చదివావే నువ్వు? ఈ రేకు మీద పేరు తప్పు రాశావు. రా, దిద్దు."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అర్థమైన ఉషారాణి తట్ట కింద పెట్టేసింది. రాజుగారు టేపు వైపు, గున్నేశ్వరరావు వైపు, చివరికి నాగేశ్వరి కొంగు వైపు చూశారు.

"పుర్రచెయ్యా?" అన్నారు నెమ్మదిగా.

"పుర్రచెయ్యేనండి," అన్నాడు గున్నేశ్వరరావు. "నలభై ఏళ్లు అందరికీ తప్పు చెప్పాను. ఆ రెండ్రోజులూ అందింపు నేను చేశాను. ఆవిడ తిట్టింది కూడా."

మధులత గారు నవ్వారు. ఆ నవ్వు మిగతావాళ్లకి అంటుకుంది. నవ్వులు సద్దుమణగకుండానే ఉషారాణి గట్టిగా అడిగేసింది.

"అయితే రాజుగారండి, మా నాగేశ్వరికి ఇక మీదట కట్టేవాళ్ల రేటేనా అండి?"

ఆడమనిషికి అంటు రేటు ఇచ్చిన రోజు ఆ నర్సరీలో ఇంతవరకూ లేదు. రాజుగారు చేతిలో మొక్క ఉందన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు దాన్ని జాగ్రత్తగా వరసలో పెట్టారు.

"అంటు అతుక్కుంటే అంటు రేటే. దానికి మగేంటి, ఆడేంటి," అన్నారు. "సోమవారం నుంచి ఏడో షెడ్డు నీది నాగేశ్వరీ. అందింపుకి ఎవరు కావాలో చూసుకో."

"ఉషారాణి వదిన వస్తే చాలండి," అంది నాగేశ్వరి.

"నేనా తల్లీ," అంది ఉషారాణి, "నీ తిట్లు పడాలంటే కూలి నాకూ పెంచాలి."

గున్నేశ్వరరావు పెయింటు డబ్బా తెచ్చి మూత తీసి, బ్రష్షు ముంచి ఆమెకి అందించాడు. తొడిమ తుంచిన పుల్ల అందించినట్టు, చెయ్యి చాచే లోపలే. పాత పేరు మీద ఆయనే గుడ్డతో కిరసనాయిలు రుద్ది చెరిపాడు.

నాగేశ్వరి కొంగులోంచి చెయ్యి తీసింది. బడి వదిలాక ఆ చేత్తో అక్షరం రాయలేదు. బడిలోనూ దొంగతనంగా రాసిందే. 'నా' రాసింది. పది మంది చూస్తున్నారు. 'గే' రాసింది. 'శ' కింద వ ఒత్తు గుండ్రంగా కూర్చుంది. అక్షరాలన్నీ కాస్త ఎడమ వైపుకి వాలాయి గానీ ఒకదాన్నొకటి తోసుకోలేదు, పడిపోలేదు.

మడి గట్టు మీద గీతలు ఆగాయి. తేజస్వి లేచి వచ్చి తల్లి పక్కన నిలబడింది. రేకు వైపు చూసింది, బ్రష్షు పట్టిన చేతి వైపు చూసింది.

"అమ్మా, నువ్వు కూడా ఈ చేత్తోనా?"

"ఆయ్," అంది నాగేశ్వరి, పెద్దవాళ్లకి చెప్పినట్టు.

ఆఖరి అక్షరం చివర పెయింటు బొట్టుకట్టి కిందకి జారబోతోంది. తుడవడానికి గుడ్డ కోసం అటూ ఇటూ చూసింది. గుడ్డ కిరసనాయిలుతో నల్లగా ఉంది. ఆమె వంగి, పిల్ల మణికట్టు మీది ఎర్ర రిబ్బను ముడి విప్పి, దాని కొసతో ఆ బొట్టు తుడిచేసింది.